కొట్టేసిన రెండు వాక్యాలు

లెక్కల సాబ్ పోయారని గురువారం పొద్దున మందుల దుకాణంలో తెలిసింది. చెప్పిన దుకాణదారు ఆయన శిష్యుడే. నా మాత్రలు కవర్లో వేస్తూ మధ్యలో ఆగిపోయాడు.

జహీరాబాద్ కాలేజీలో ఆయన లెక్కలు చెప్పేవారు, నేను ఇంగ్లీషు. బోర్డు మీద తప్పు పడితే ఆయన తుడిచేవారు కాదు. దాని చుట్టూ గీత గీసి, కింద సరైనది రాసేవారు. "తుడిస్తె రేపు మళ్ళ గదే తొవ్వల పోతరు" అనేవారు. రాయికోడ్ బస్సు వెళ్ళిపోయిందని పిల్లలు గొణిగితే, బస్సు ఇంకోటి వస్తుంది, ఈ ఆలోచన రాకపోవచ్చు అని లెక్క పూర్తిచేసేవారు.

సంతాప సభకు విశ్వవిద్యాలయం నుంచి ఒక రిటైరైన ఆచార్యుడు వచ్చాడు. పత్రిక అచ్చుకు ఒప్పుకున్న వ్యాసాన్ని వెనక్కి తీసుకున్న మహానుభావుడనీ, పేరు మీద ఆశ లేని మనిషనీ పొగిడాడు. నాకు ఒళ్ళు మండింది. సాబ్‌కు ఆశ ఉండేది. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేయించి పెట్టుకున్న షేర్వానీని నేను చూశాను. ఆ ఉద్యోగం దక్కినవాడు ఈ ఆచార్యుడే. అతనికి అలా అనుకోవడమే హాయి.

జరిగింది వేరు. సాబ్ ఉర్దూలో ఆలోచించి, తడబడే ఇంగ్లీషులో రాసేవారు. సంఖ్యల మీద ఆయన ఏళ్ళ తరబడి చేసిన పనిని నేను దిద్ది, టైపు చేయించి, పత్రికకు పంపాను. చివర రెండు వాక్యాలు ఉన్నాయి: రుజువులో నాలుగో మెట్టు నిజమని నమ్ముతున్నాను, రుజువు చేయలేకపోయాను. చిన్న ఊరి మనిషి బెరుకు అనుకుని వాటిని కొట్టేశాను. ఆయనకు ఒక్క మాట కూడా చెప్పలేదు. నాలుగు భాషల పుస్తకాలు చదివినవాణ్ణి. ఒక నిజమైన వాక్యం ఎదురుపడితే పోల్చుకోలేకపోయాను.

అంగీకార పత్రంతో పాటు, సరిచూడమని అచ్చు ప్రతి వచ్చింది. స్టాఫ్ రూములో సాబ్ దాన్ని చివరిదాకా చదివి నా వైపు తిప్పారు.

"అంగ్రేజీ మంచిగ జేసిన్రు సార్. లెక్క ఖరాబ్ జేసిన్రు."

నా తప్పేనని పత్రికకు రాస్తానన్నాను.

"పేరు నాది గద. మీరెందుకు రాస్తరు?"

ఆ రెండు వాక్యాలూ చేర్చి పంపారు. వ్యాసం తిరిగి వచ్చింది. దాని మీద ఆశపెట్టుకున్న విశ్వవిద్యాలయ ఉద్యోగం చేజారింది. కాలేజీలో సగం మంది పిచ్చోడన్నారు. వాళ్ళే మొన్న దండలు వేశారు. రాతల్లో అందరి మీదా విరుచుకుపడే నేను, నా సంగతి మాత్రం ఇన్నేళ్ళూ ఎక్కడా రాయలేదు.

అయినా ప్రతి వ్యాసం దిద్దడానికి నాకే ఇచ్చేవారు. ఎందుకని అడిగే ధైర్యం నాకు రాలేదు.

పోయిన చలికాలం చివరిసారి పిలిచారు. చూపు మందగించింది, ఆ పాత లెక్క మీదే మళ్ళీ రాసిన వ్యాసాన్ని నన్నే చదివి వినిపించమన్నారు. వరండాలో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆఖరి పేజీకి వచ్చేసరికి చెరకు లారీ ఒకటి ఇంటి ముందు నుంచి మోతగా పోతోంది. సాబ్ చెయ్యెత్తి నన్ను ఆపారు. మోత హైవే దాకా పోయి అణగేవరకూ ఆ చెయ్యి దించలేదు.

"ఆ మాట మళ్ళ సదువుండ్రి" అన్నారు.

నాలుగో మెట్టు నాకు ఇంకా తెలియదు, అని చదివాను. కళ్ళు మూసుకుని, పాట వింటున్నట్టు, మెల్లగా తలూపారు.