ఎలుకలు తాగినయా?

మా మేడమ్ ఇక లేరని సోమవారం పొద్దున ఫోన్ వచ్చింది. మహబూబాబాద్‌లో, ఇంట్లోనే, గుండె ఆగిపోయిందట. నేనప్పుడే కాలేజీలో ఎలుకల గది నుంచి పరుగున బయటికొచ్చి ఆమెకే ఫోన్ చెయ్యబోతున్నాను. చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండిపోయింది.

ఫార్మసీ పాఠాలు చెప్పే ఆ మేడమ్ దగ్గరే నేను పరిశోధన నేర్చుకున్నాను. మామూలు మందులకు లొంగని డిప్రెషన్‌కు ఒక కొత్త మందు పనికొస్తుందేమోనని ఎలుకల మీద చూస్తున్నాం. దిగులు పట్టిన ఎలుకకు తీపి రుచించదు. చక్కెర నీళ్లు, మంచినీళ్లు పక్కపక్కన పెట్టినా రెండూ ఒకటే దానికి. పాత మందు వేసినా మారని ఎలుకలే మాకు కావాలి.

కేసముద్రంలో ఉండే మేడమ్ వాళ్ల అక్కదీ అదే పరిస్థితి. ఏ మందూ పట్టలేదు. ఒకప్పుడు జిలేబీ కోసం చెల్లెలితో కొట్లాడిన మనిషి, ఇప్పుడు చేతిలో పెట్టినా తినదు. మేడమ్ రోజూ సాయంత్రం ఫోన్‌లో ఆమెకు ఎలుకల ముచ్చట్లు చెప్పేవారు. అటునుంచి "ఊ" అని కూడా వినిపించేది కాదు.

వాసనకు ఎలుకలు బెదురుతాయని, జడలో పూలు తీసి తలుపు గడియకు తగిలించి గానీ మేడమ్ లోపలికి వచ్చేవారు కాదు. బతుకమ్మ పండుగనాడూ అంతే.

మొదటిసారి చక్కెర నీళ్ల సీసా ఖాళీ అయిన రోజు ఆమెను చూడాలి! "తాగింది పిల్లా, తాగింది!" అని నా రెక్క పట్టి ఊపేశారు. జిలేబీ తెప్పించారు. అంతలో ఏం అనుమానమొచ్చిందో, పంజరానికి బోర్లా తగిలించిన సీసా మూతి కింద వేలు పెట్టారు. మిగిలిన చుక్క కారి వేలి మీద పడింది. పంజరంలో పరిచిన వరి ఊకంతా తడి. "ఎలుక తాగలే, ఊక తాగింది!" అని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. జిలేబీ మాత్రం వదల్లేదు.

ఆ సోమవారానికి ముందు వారం, కొత్త మందు వేసిన ఎలుకలు చక్కెర నీళ్లకే ఎగబడ్డాయి. ఊక పొడిగా ఉంది! నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. మేడమ్ కళ్లు మెరుస్తూనే ఉన్నాయి, గొంతు మాత్రం అదుపులో ఉంది.

"సీసాల జాగ మార్చి చూడు. అలవాటుకొద్ది అటు పోతున్నయేమో. ఎలుకలు తాగితే మా అక్కకు నయమైనట్టు కాదు బిడ్డా. కానీ తొవ్వ ఉన్నదని తెలుస్తది."

జాగ మార్చి చూసిన ఫలితమే సోమవారం నా నోట్లో ఆగిపోయిన మాట.

మేడమ్‌ను పడుకోబెట్టిన చోట, అక్క గోడకానుకుని కూర్చుంది. ఎవరు పలకరించినా పలకడం లేదు. మేడమ్ దగ్గర చదువుకునే పిల్లనని చెప్పి నేను పక్కన కూర్చున్నాక, నా వైపు తిరిగింది.

"ఎలుకలు తాగినయా?"

నాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. "తాగినయి పెద్దమ్మా. జాగ మార్చినా ఎతుక్కుంట పోయి తాగినయి."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మేడమ్ ఫొటోను దండతో సహా ఎలుకల గది బయటే పెట్టాం. లోపల పెడితే ఆమె ఊరుకోరు కదా. నేనూ జడలో పూలు తీసి గడియకు తగిలించి లోపలికి వెళ్తాను. సీసాల మూతుల దగ్గర టిక్కుటిక్కుమని నాకుతున్న చప్పుడు. అది బయటికి వినపడాలని కాసేపు తలుపు తీసే ఉంచుతాను.