సీల్ ఎముకలూ, సుందర్ రాజ్ అంకుల్ పళ్ళూ

అమెరికాలోని మోరిస్‌విల్ తెలుగు చర్చిలో ఆదివారం భోజనాలప్పుడు ఎదుటివారి ముఖం కాక పళ్ళెం చూస్తూ మాట్లాడేది కెజియా ఒక్కతే. ఆమె మెడలో శిలువ పక్కనే చిన్న భూతద్దం వేలాడుతుంటుంది. అలాస్కా తీరంలో తవ్వితీసిన, సీల్ అనే సముద్రజంతువుల పురాతన ఎముకల మీద ఆమె పరిశోధన. ఆ సీళ్ళను మనుషులే వేటాడి తిన్నారని ఆమె వాదన. ఎముకల మీది పంటిగాట్లు కుక్కలవని ప్రొఫెసర్ ఆక్షేపణ. పోల్చి చూపడానికి కుక్క నమిలిన ఎముకలు ల్యాబ్‌లో కావలసినన్ని ఉన్నాయి, మనిషి నమిలినదే కరువు. అక్కడ అందరూ బోన్‌లెస్ తినేవారే. రుజువు దొరకకపోతే థీసిస్‌లో ఆ అధ్యాయమే పోతుంది. ఈ ఆదివారం సుందర్ రాజ్ అంకుల్ మూలుగ బొమిక నమిలి పక్కన పెట్టగానే, ఆమె టిష్యూతో అందుకుంది.

“ఎంగిలిదమ్మా!” అని ఆయన కంగారుపడ్డారు.

భూతద్దంలో అచ్చం సీల్ ఎముకల మీది గాట్లే కనిపించాయి. “అంకుల్, ఇవే మార్క్స్! థీసిస్‌లో ఫొటో పెట్టుకోవచ్చా?”

“పెట్టుకో. కానీ పక్కన కుక్కది పెట్టకు తల్లీ, పరువు పోతుంది.”

“కంపేర్ చేయకపోతే అది ఎవిడెన్సే కాదు అంకుల్.”

ఆయన బిర్యానీలోంచి మరో బొమిక ఏరుకున్నారు. “అయితే నీ చేతిలోది ఇచ్చెయ్. దీన్ని కాస్త నీట్‌గా నములుతాను.”