మధుపర్కాల బొంత

మా అత్తయ్యగారి పెళ్ళిని నేను సూదితో కుట్టి, మూట కట్టి, వ్యానెక్కించి కొల్లేటికి పంపించేశాను. అబద్ధం కాదండీ, ఉన్నమాటే చెబుతున్నాను. మీరు నవ్వుకున్నా నేనేమీ అనుకోను, మా చుట్టాల్లో నవ్వనివాళ్ళు ఎవరూ మిగల్లేదు. కానీ ఆ ఐదు రోజులూ కంచం ముందు కూర్చుంటే నాకు ముద్ద గొంతు దిగలేదని మాత్రం కాస్త గుర్తుపెట్టుకుని నవ్వండి.

అప్పటికి నాకు పెళ్ళై రెండేళ్ళు. పుట్టిల్లు తాడేపల్లిగూడెం, కాపురం వట్లూరు. మావయ్యగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా ఆయనకి ఏలూరులో ఆఫీసు ఉద్యోగం. నాకేమో నలుగురూ "ఆ కోడలు పిల్ల ఎంత చురుకో" అనుకోవాలన్న జబ్బు. ఆ జబ్బుకి మందు ఇప్పటికీ దొరకలేదు లెండి.

ఆ ఏడు వానలకి కొల్లేరు పొంగి లంక ఊళ్ళన్నీ నీళ్ళలో నిలబడ్డాయి. జనం గట్ల మీద టార్పాలిన్ల కింద తడిసి వణుకుతున్నారని టీవీలో చూశాను. వెంటనే మా వీధి వాట్సాప్ గ్రూపులో "అందరం తలా ఒక బొంత కుట్టి పంపిద్దాం" అని మెసేజి పెట్టేశాను. నాకు బొంత కుట్టడం వచ్చా? రాదు. ఆ సంగతి మెసేజిలో రాయలేదు.

వీధిలో అందరూ సరేనన్నారు, నాకు నేర్పడానికి వచ్చినావిడ మాత్రం ఎదురింటి మంగతాయారు పిన్నిగారు. ఆవిడ మా వరండాలో చాప వేసి, నాకు సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచీ నేర్పారు.

"పైనా కిందా ముదురు రంగు చీరలు వేసుకోవాలమ్మా. మధ్య పొరకి మాత్రం తెల్లదే వెయ్యి. రంగుది వేశావంటే తడిసినప్పుడు రంగు దిగి పైకొచ్చేస్తుంది."

తెల్లది. నా కొంప ముంచింది ఈ ఒక్క మాటేనండీ.

అత్తయ్యగారు అప్పుడు ఇంట్లో లేరు. వచ్చే గురువారం మావయ్యగారి షష్టిపూర్తి, జంగారెడ్డిగూడెంలో ఉన్న చెల్లెల్ని పిలవడానికి వెళ్ళారు. ఫోన్ చేసి అడిగితే, "అటక మీద ట్రంకు పెట్టెలో పాత చీరలున్నాయి. కావలసినన్ని తీసుకోమ్మా, పుణ్యం" అన్నారు. నేను పుణ్యం కోసం స్టూలెక్కాను. పెట్టె అడుగున పాత గలీబు ఒకటి, దాన్లో మడతపెట్టిన రెండు తెల్లబట్టలు. అంచుల్లో ఏవో పసుపు మరకలు, టీ ఒలికినట్టు. మెత్తగా, వెన్నలా ఉన్నాయి. "ఆహా, మధ్య పొర!" అనుకున్నాను.

మీరు అడగబోయేది నాకు తెలుసు. పెళ్ళైన దానివి, మధుపర్కాలు గుర్తుపట్టలేవా అని. మా పెళ్ళికి కొన్నవి జరీ అంచువండీ. షాపువాడు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు, పెట్టె మీద వధూవరుల బొమ్మ కూడా ఉంది. మధుపర్కాలంటే అలాగే ఉంటాయనుకున్నాను. మామూలు నేతబట్టకి ఇంట్లో పసుపు నీళ్ళలో అంచు ముంచుకునే రోజులు నేనెరగను.

మూడు రోజులు కుట్టాను. పిన్నిగారి కుట్లు చీమల బారులా తిన్నగా వెళితే, నావి దారి తప్పిన బాతుల్లా వెళ్ళాయి. అయినా మురిసిపోయి, చివర్న మూల మీద ఎర్రదారంతో "వసంత, వట్లూరు" అని కుట్టాను.

"దానమిచ్చేదాని మీద పేరేవిటే తల్లీ, స్టీలు గిన్నె మీద కొట్టించినట్టు!" అన్నారు పిన్నిగారు.

"ఎవరు కుట్టారో తెలియాలి కదండీ పిన్నిగారూ."

శుక్రవారం మా ఆయన బొంతలన్నీ వ్యానులో వేయించుకుని కలిదిండి అవతల ఒక లంక ఊరికి తీసుకెళ్ళి పంచి వచ్చారు. నా బొంత ఇచ్చేటప్పుడు ఫొటో తియ్యకపోతే ఇంటికి రావద్దని ముందే చెప్పాను. తీశారు. ఒక ముసలమ్మ బొంత కప్పుకుని నిలబడితే, మూల మీద నా పేరు చక్కగా కనబడుతోంది. స్టేటస్ పెట్టుకున్నాను.

శనివారం పొద్దున్న అత్తయ్యగారు వచ్చారు. కాళ్ళు కడుక్కుని కాఫీ తాగి, "వసంతా, ట్రంకు అడుగున గలీబులో మా మధుపర్కాలున్నాయి. తియ్యమ్మా, ఎండలో వేద్దాం" అన్నారు.

"ఏవత్తయ్యా?"

"పెళ్ళినాటివే. గురువారం పీటల మీద అవే కట్టుకోవాలని ఎన్నాళ్ళనుంచో నా ఆశ." ఆవిడ గొంతు తగ్గించారు. "మా పెళ్ళిలో ఒకటే వాన. తాటాకు పందిరి కారిపోయింది. అప్పటికి మీ మావయ్యగారు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అలాంటి మనిషి, అందరి ముందూ తన పైబట్ట తీసి నా నెత్తిన కప్పారు. ఆ బట్టే అది. ముప్పయ్యేడేళ్ళు దాచుకున్నాను."

నిజం చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. నోట్లోంచి మాత్రం వేరేది వచ్చింది.

"అవా... చాకలికి వేశానత్తయ్యా."

"మధుపర్కాలు చాకలికా!"

"కాదు కాదు, డ్రైక్లీనింగుకి. ఏలూరులో. స్పెషల్‌గా చేస్తారట."

"సరే, సాయంత్రం మనిద్దరం వెళ్ళి తెచ్చుకుందాం పద."

"ఇవాళ సెలవత్తయ్యా."

"రేపు?"

"రేపు ఆదివారం."

"ఎల్లుండి?"

"ఎల్లుండి... వాళ్ళింట్లో ఏదో పెళ్ళట."

అత్తయ్యగారు నన్ను ఎగాదిగా చూసి, "మంచి షాపే వెతికావు" అని లోపలికి వెళ్ళిపోయారు.

మా ఆయనకి చెబితే ముందు నెత్తి పట్టుకున్నారు, తరవాత పడీ పడీ నవ్వారు. "దిగులెందుకే? పేరూ ఊరూ కుట్టావుగా, ఎవరైనా పోస్టులో వేసేస్తారు."

"ఏవండీ, నాకు ప్రాణం పోతోంది, మీకు వేళాకోళమా?"

ఆదివారం పొద్దున్నే ఇద్దరం బండి మీద బయల్దేరాం. బొంతకి బదులివ్వడానికి ఏలూరులో ఒక పెద్ద పులిబొమ్మ రగ్గు కొన్నాం. చేపల చెరువుల గట్ల మీద బురదలో బండి జారుతోంది, వెనకాల నేను పులిని కావలించుకుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను. ఊరు చేరి ఫొటో చూపిస్తే, "మా సింహాద్రమ్మ!" అని ఒకావిడ ఇల్లు చూపించింది. మా ఆయన బండి దగ్గర ఉండిపోయారు, నేనొక్కదాన్నే వెళ్ళాను.

ఇల్లంటే గోడలకి నడుము ఎత్తున నీటి గీత, లోపల తడినేల. మంచం మీద సింహాద్రమ్మ నా బొంత చుట్టుకుని కూర్చుంది. కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఒంట్లో జ్వరం.

"మామ్మగారూ, మీకు కొత్త రగ్గు తెచ్చానండీ. ఆ పాతది నాకిచ్చేయండి."

ఆవిడ రగ్గు వంక చూసింది. "పులిని కప్పుకుంటే నిద్దరెలా పడద్దమ్మా? నాకిదే బాగుందండి, ఆయ్."

ఇంక దాచి లాభం లేదనుకుని మొత్తం చెప్పేశాను. వాన, పందిరి, పైబట్ట, డ్రైక్లీనింగు, అన్నీ. చెబుతూ ఏడ్చేశాను కూడా.

"అయ్యో నా తల్లే, పెళ్ళిబట్టలా!" అని ఆవిడ గబగబా బొంత ఒంటిమీంచి తీసి నా చేతిలో పెట్టింది. "పట్టుకెళ్ళమ్మా, పట్టుకెళ్ళు. ఆ పెద్దావిడ మనసు కష్టపెట్టకు."

బొంత నా చేతికి వచ్చేసింది. వెచ్చగా ఉంది. ఎదురుగా ఆవిడ ఎండు రెల్లులా వణుకుతోంది, పులి రగ్గు కప్పబోతే అక్కర్లేదని చెయ్యి అడ్డం పెడుతోంది. ఆ వణుకు చూస్తూ అక్కణ్ణించి లేచి రాగలిగే గుండె నాకు లేదండీ. బొంత మళ్ళీ ఆవిడ భుజాల చుట్టూ కప్పేసి, అంచులు ఆవిడ కాళ్ళ కిందకి దోపేశాను.

"మరి మీ అత్తగారి పెళ్ళిబట్టలో?"

"ఏదో ఒకటి చూస్తాను లెండి."

"ఏనాడమ్మా పేరంటం?"

"గురువారం."

బయటికి రాగానే మా ఆయన, "తెచ్చావా?" అన్నారు.

"లేదు."

"మరిప్పుడేం చేస్తావే?"

"టీ పొడి కొనాలి, పదండి."

అవును, మీరు ఊహించింది నిజమే. ఏలూరులో రెండు తెల్ల నేతబట్టలు కొని, మర్నాడు మధ్యాహ్నం అత్తయ్యగారు కునుకు తీసే వేళకి డాబా మీద పొయ్యి పెట్టాను. పసుపులో అంచులు ముంచి, పాతబడ్డట్టు కనబడాలని టీ డికాషన్‌లో ఊరవేశాను. కంగారులో అలవాటు చొప్పున అల్లం కూడా దంచి వేసేశాను. పాలు పొయ్యబోయి ఆఖరి క్షణంలో ఆగాను.

గురువారం పొద్దున్న అత్తయ్యగారు వాటిని అందుకుని, ఆప్యాయంగా ముఖానికి ఆనించుకున్నారు. ఆనించుకుని ఆగిపోయారు.

"ఏవిటే, అల్లం వాసన?"

"డ్రైక్లీనింగ్ మందత్తయ్యా."

పంతులుగారు పీటల మీదకి రమ్మని పిలిచేస్తున్నారు. చుట్టాలంతా కూర్చున్నారు. దేవుడా, ఈ గంట గడిపించు చాలు అని మొక్కుకుంటూ ఉండగా గేటు దగ్గర గట్టిగా ఒక గొంతు వినబడింది.

"వసంత, వట్లూరు! ఆవిడిల్లు ఇదేనండీ?"

సింహాద్రమ్మ! జ్వరం తగ్గి, ఉతికిన చీర కట్టుకుని, చంకలో బొంతతో నిలబడి ఉంది. ఆటో అతను బొంత మూల చదివి, దారిపొడుగునా అడుగుతూ తీసుకొచ్చాడట. తిన్నగా పీటల దగ్గరికి నడిచి వెళ్ళి, "అమ్మా, మీ పెళ్ళిబట్టలు దీన్లో కుట్టేసిందంట మీ కోడలు. ఉతికి ఆరేసి తెచ్చానండి, ఆయ్!" అంది.

అత్తయ్యగారు బొంత ఒళ్ళోకి తీసుకున్నారు. నా వంకర కుట్ల సందులోంచి లోపలి తెల్లబట్ట అంచు, వెలిసిన పసుపు, కనబడుతోంది. దాన్ని వేలితో మెల్లగా నిమిరారు. భూమి చీలితే లోపలికి వెళ్ళిపోదామని నేను నేల వంక చూస్తున్నాను.

తలెత్తి సింహాద్రమ్మని, "వెచ్చగా ఉంటోందా?" అని అడిగారు అత్తయ్యగారు.

"అదే లేకపోతే ఈ వానలకి నేనుండేదాన్ని కాదమ్మా."

అత్తయ్యగారు మావయ్యగారి వంక చూశారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, పెదవుల మీద నవ్వు. "చూశారా, మీ పైబట్ట ఇంకా వానలో తడిసినవాళ్ళనే కప్పుతోంది." వెంటనే ఆ బొంత మడత విప్పి ఇద్దరి భుజాల చుట్టూ కప్పేశారు.

"పీటల మీద బొంతేవిటమ్మా?" అన్నారు పంతులుగారు.

"లోపల మధుపర్కాలే ఉన్నాయండీ. పైది గలీబనుకోండి."

వాన వెలిసి ఒకటే ఉక్క. గంటసేపు మంత్రాలు. బొంతలోంచి మావయ్యగారి ముఖం చెమటతో మెరిసిపోతోంది. "రత్నం, ఊపిరాడటం లేదే" అని ఆయన అంటే, "ముప్పయ్యేడేళ్ళు ఆడిందిగా, ఇంకో పావుగంట ఓర్చుకోండి" అని ఆవిడ. ఇప్పటికీ మా హాల్లో ఉన్న ఫొటో అదే.

అక్షింతలు వెయ్యడం అలా అయ్యిందో లేదో, ముందు వరసలో కూర్చున్న సింహాద్రమ్మ లేచింది. "అయిపోయిందాండీ? మరి నా బొంత నాకిచ్చెయ్యండి." ఇచ్చేశారు. అక్షింతలతో సహా మడతపెట్టుకుని, భోజనం చేసి, అదే ఆటోలో వెళ్ళిపోయింది.

నన్ను అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. బతికిపోయాననుకున్నాను. సాయంత్రం నా అల్లం టీ మధుపర్కాలు శ్రద్ధగా మడతపెట్టి, ట్రంకులో పెట్టి తాళం వేశారు. "ఇంకో పాతికేళ్ళకి మావాడి షష్టిపూర్తి వస్తుంది. ఆ రోజు పీటల మీద నువ్వు కట్టుకోవలసినవి ఇవే. మార్చావో, నేను ఊరుకోను" అన్నారు. ఏటా ఎండలో వేయిస్తారు కూడా. వాసన ఇసుమంతైనా తగ్గలేదండీ.

అందుచేత దేవుడి గదిలో దీపం సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట తెల్లగుడ్డ ఏది కనబడినా, అది చేతిరుమాలైనా సరే, ఎవరి పెళ్ళిదో విచారించకుండా సూది దింపను. దానమిచ్చేదాని మీద నా పేరు కుట్టను. ఈ జన్మలో టీలో అల్లం వెయ్యను.