ట్రంపెట్ పక్కన డప్పు

మా చర్చి కమిటీకి నేను పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. అందాయని చెప్పినవాళ్ళు కూడా లేరు. అందుకని జరిగింది ఇక్కడ రాస్తున్నాను.

తొంభై నాలుగులో, నైజీరియాలో లెక్కలు చెప్పి వచ్చిన మా మావయ్యగారు నాకొక జాజ్ క్యాసెట్ ఇచ్చారు. హార్డ్ బాప్ అనే రకమట. ట్రంపెట్, శాక్సఫోన్ కలిసి వరస ఎత్తుకుంటాయి. తర్వాత ఒక్కొక్కటీ తనకు తోచిన దారిన పోయి మళ్ళీ వరసలోకి వస్తుంది. ఈ క్యాసెట్‌లో వాటి కింద ఆఫ్రికా చేతి డోళ్ళు, ఒక ఇనుప గంట ఉన్నాయి. గంట లెక్క తప్పదు, డోళ్ళు దాని చుట్టూ మాట్లాడుకుంటాయి. నేను అమలాపురంలో బడి మాస్టారిని, చర్చిలో ట్రంపెట్ వాయిస్తాను. మూడోసారి వింటుంటే అది మా బాబాయి డప్పు నడకేననిపించింది.

బాబాయికి వినిపించాను. కళ్ళు మూసుకుని విని, "ఈళ్ళెవర్రా, మన పేటోళ్ళేనా?" అన్నాడు.

నాలుగు నెలలు మా పెరట్లో సాధన చేశాం. కీర్తన వరస నాది, ఆరు దెబ్బల నడక ఆయనది. నేను నాలుగు లెక్కపెట్టి దారి తప్పేవాణ్ణి. "లెక్కెట్టకురా, నడు" అనేవాడు.

క్రిస్మస్ ఆరాధనలో వాయిద్దామని, డిసెంబరులో చర్చి వెనక బాబాయి తోలు బిగిసేలా కొబ్బరాకుల మంట మీద డప్పు కాస్తుంటే, పొగ చూసి సంఘపెద్ద గారు వచ్చారు.

"ఏంటండి మాస్టారూ ఇది? మన తాతలు దాన్ని దించేసి ఇక్కడికొచ్చేరండి. మీరు మళ్ళీ భుజానికెత్తుతారా?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. చావులకూ జాతరలకూ మావాళ్ళను పిలిచి కొట్టించిన డప్పు అది.

"కొట్టించినోళ్ళని వదిలొచ్చేం. దెబ్బేం పాపం చేసిందండీ?" అన్నాను.

"కాయితం మీద రాసివ్వండి. కమిటీలో పెడతాం."

"ఆయ్" అన్నాను. ఏటా ఒకటి రాశాను.

కిందటేడు కమిటీ కొత్త కీబోర్డు కొంది. క్రిస్మస్ ఆరాధనలో వాయించే అమ్మాయి ఆఫ్రికన్ అని రాసి ఉన్న మీట నొక్కింది. అదే నడక. సంఘమంతా చప్పట్లు కొట్టింది, పెద్దగారితో సహా. నా ట్రంపెట్ దానితో చక్కగా కలిసింది కూడా. అందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

బయటికొచ్చాక బాబాయి, "మిషను బానే కొడతందిరా. నువ్వు ఊపిరి తీసుకుంటే మాత్రం ఆగట్లేదు" అన్నాడు.

ఆయనకు డెబ్బై దాటాయి. కుడిచెయ్యి వణకడం మొదలైంది.

పెద్దగారూ, ఈ క్రిస్మస్‌కు మా బాబాయి డప్పుతో లోపలికి రావచ్చా, కూడదా? కూడదంటే ఎందుకో రాసి, కింద సంతకం పెట్టి ఇవ్వండి.