పిండి పిసికే ఇల్లాలి పేరు

మా చిన్న యారాలు, మా మరిది పెండ్లాం, వనపర్తి నుంచి కోడలిగ వచ్చినంక నా బిడ్డ నాకు కాకుండ పోయింది. అంతకుముందు పొద్దుగూకితే పొయ్యికాడ కూసొని కథ చెప్పమని నన్ను సతాయించేది. మా ధరూర్ దిక్కు ఇంగ్లీషు బడులు కొత్తగ వచ్చిన రోజులవి. యారాలు అండ్ల పంతులమ్మ. ఏ ఇంగ్లీషు మాట ఎట్ల పుట్టిందో ఆమె చెప్తుంటె పిల్ల ఆమె కొంగు ఇడువకపోయేది. నాకు కడుపుల మంట.

ఒకనాడు జొన్నరొట్టెలకు పిండి కలుపుతున్న. వంటింటి కడప అవతల యారాలు నా బిడ్డకు చెప్తుంది: "లేడీ అంటె ఏందనుకున్నవ్? వెనకట ఆ దేశంల రొట్టెల పిండి పిసికే ఇల్లాలంట. లార్డ్ అంటె ఆ రొట్టెలకు కావలుండేటోడు."

చెవి అటు పెట్టి, ఉడుకునీళ్లకు బదులు సల్లనీళ్లు పోసిన. పిండికి జిగురు రాలె. తట్టంగనే రొట్టె అంచులన్ని పగిలినయ్.

"నువ్వేం లేడీవే అమ్మా!" అని బిడ్డ నవ్వింది. యారాలు గూడ నవ్వింది. నా పానం సురుక్కుమంది.

మర్నాడు మాపటికి పిండి ముందట కూసొని అదే ముచ్చటను నా తీరుగ ఎత్తుకున్న. "వెనకట ఒక దొర ఉండె. ఎంత ఆస్తి ఉంటె ఏంది? పెండ్లాం అలిగి పిండి పిసుకకపోతే, కావలి కాయనీకె ఇంట్ల ఒక్క రొట్టె లేకుండె..."

బిడ్డ లేచొచ్చింది. ఎనకనే యారాలు గూడ పీట జరుపుకుంది.

"తర్వాతేమైందక్కా?" అంటది, తను చెప్పిన ముచ్చటే తనకు తెల్వనట్టు!

ఉడుకునీళ్లు చూసి పోసుకుంట మొత్తం చెప్పిన. కడుపుమంట జర సల్లారింది గని, పిల్ల కూసున్నది మాత్రం ఆమె ఒళ్లెనే.