పచ్చిక చుట్టూ తాడు కట్టిన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు పొద్దున్నే వచ్చింది. ఫోన్ చేసింది ఆవిడ కొడుకు, మా బావ. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అని చెప్పి పెట్టేశాడు. గుండె జబ్బు చాలాకాలంగా ఉన్నదే, వయసూ పైబడింది. అందుకని ఆవిడ పోవడం మీద నాకు ఎవరితోనూ పేచీ లేదు. నా కోపమంతా పెద్దకర్మ రోజున చూసినదాని మీద. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ గురించి చెప్పాలి.

సామర్లకోట దాటాక కాలువ పక్కన ఉన్న ఫంక్షన్ హాలు ఆవిడదే. మామయ్య చిన్నవయసులోనే పోతే, కిరాణా కొట్టు అమ్మేసి ఆ హాలు కట్టించింది. ముందున్న జాగాలో, కడియం నర్సరీల నుంచి తెప్పించి పచ్చిక పరిపించింది. సాయంత్రాలు అక్కడే రిసెప్షన్లు, నిశ్చితార్థాలు. పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చుంటే, పిల్లలు మాత్రం గడ్డి మీదే దొర్లేవారు.

తెల్లవారగానే చెప్పులు గట్టున విడిచి, ఆ మంచులో ఒట్టి కాళ్ళతో ఓ చుట్టు తిరిగొచ్చేది అత్తయ్య. కాళ్ళకే తెలిసేది కాబోలు, ఎక్కడ నేల గట్టిపడిందో, ఎక్కడ తుంగ లేస్తోందో. తుంగ పీకే ఆడవాళ్ళతోపాటు తనూ గొంతుక్కూర్చుని, బొరిగతో గడ్డతో సహా పెకలించేది. ఎరువంటే పశువుల పేడ, వేపపిండి, అంతే. గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించనిచ్చేది కాదు. వేరుకి నీడ ఉండాలనేది. ఎండాకాలం అక్కడక్కడా పసుపు తిరిగేది. ఎవరైనా వంక పెడితే నవ్వి, "కార్పెట్ అయితే బజార్లో దొరుకుద్దండి. ఇది నేల కదా" అనేది.

కొన్నేళ్ళ కిందట ఒక పెద్దింటి రిసెప్షన్ కుదిరింది. వీడియో డ్రోన్‌తో తీస్తారు, లాన్ ఒకే రంగులో కనబడాలని అలంకరణవాళ్ళు పట్టుబట్టారు. అత్తయ్య పిఠాపురం గుడికని వెళ్ళి, చుట్టాలింట్లో ఆగిపోయింది. ఆ వ్యవధిలో బావ ఒక కాంట్రాక్టరుని పిలిచి కలుపు మందు కొట్టించాడు. పురుగు రాకుండా గుళికలు కూడా చల్లించాడు.

అత్తయ్య తిరిగొచ్చేసరికి రిసెప్షన్‌కి వంటలు మొదలయ్యాయి. ఆవిడ చెప్పులు విడవబోయి ఆగిపోయింది. వాసన తెలిసింది. పంపు దగ్గర రెండు గోరింకలు చచ్చి పడున్నాయి. కాంట్రాక్టరుని పిలిపించి అడిగితే, అది గడ్డికి కొట్టిన మందేగానీ మనుషులకేం కాదని చెప్పాడు.

"గడ్డి మీద కూర్చునేది గడ్డి కాదు బాబూ, పసిపిల్లలు" అంది అత్తయ్య.

అరవలేదు. పందిరి తాడు తెప్పించి పచ్చిక చుట్టూ కట్టించింది. వాన పడితే ఆ మందు కాలువలోకి దిగుతుందని, తూము దగ్గర ఇసుక బస్తాలు అడ్డం వేయించింది. దిగువ ఊళ్ళవాళ్ళు ఆ నీళ్ళలోనే గిన్నెలు తోముకుంటారు మరి. తరవాత పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి తనే వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పింది. భోజనాలు హాల్లోనూ, బళ్ళు ఆపే సిమెంటు జాగాలోనూ పెట్టిస్తానంది. ఆయన నానామాటలూ అన్నాడు. ఆవిడ చేతులు కట్టుకుని విన్నది గానీ తాడు విప్పనివ్వలేదు. సాయంత్రమంతా గేటు దగ్గర కుర్చీ వేసుకుని, వచ్చిన ప్రతి తల్లికీ పిల్లల చెయ్యి వదలొద్దని చెప్పింది.

ఊళ్ళో నవ్వుకున్నారు. చాదస్తమన్నారు. కొన్ని పెళ్ళిళ్ళు వేరే హాలుకి తరలిపోయాయి. పదిమందిలో పరువు తీసిందని బావ చాన్నాళ్ళు తల్లితో సరిగా మాట్లాడలేదు. అయినా ఆవిడ ఉన్నంతకాలం ఆ గేటులోంచి మళ్ళీ మందు డబ్బా లోపలికి రాలేదు.

వంటలో ఉప్పు తగ్గితే వంటవాణ్ణి నిలదీస్తాం. పాలల్లో నీళ్ళు కలిస్తే ఊరంతా చెప్పుకుంటాం. పిల్లలు పాకే చోట ఏం చల్లారని ఏనాడైనా అడిగామా? సబ్బుబిళ్ళ కొన్నంత తేలిగ్గా మందు కొంటాం. డబ్బా మీది చీమతలకాయంత అక్షరాలు కొన్నవాడూ చదవడు, చల్లేవాడూ చదవడు. మందు కొట్టాం, అడుగు పెట్టకండని ఒక్క అట్టముక్క రాసి పెట్టడానికి ఎవరికీ చేతులు రావు. పెడితే పెళ్ళివాళ్ళు రారట! అడిగిన మనిషికి మాత్రం చాదస్తం.

పెద్దకర్మ ఆ హాల్లోనే పెట్టారు. గేటు దాటగానే ఆవిడ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ. కింద 'ప్రకృతిని ప్రేమించిన అమ్మకు' అని రాయించారు. దాని వెనక పచ్చిక, ఎక్కడా ఒక్క తుంగ పరక లేకుండా, రంగు వేసినట్టుంది. దగ్గరికెళితే ఆ వాసనే. గట్టు వారన ఉన్న కలుపంతా మాడి గోధుమరంగుకి తిరిగింది. పిల్లలు అప్పటికే ఆడుతున్నారు.

బావని పక్కకి పిలిచి అడిగాను. తల గొరిగించుకుని, తెల్లపంచెతో, ఏడ్చి ఏడ్చి ఉన్నాడు పాపం. అయినా అడిగాను.

"అమ్మ కాబట్టి నెట్టుకొచ్చింది. పక్కన రెండు కొత్త హాళ్ళు లేచాయి, నేనేం చెయ్యను?" అన్నాడు. "ఇవాళ ఇంతమంది వస్తారు కదా, బాగుండాలని కొట్టించాను."

ఆవిడ కోసం వచ్చే జనానికి బాగుండాలని! నాకు ఒళ్ళు మండిపోయింది.

అత్తయ్య గురించి నన్ను రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు. కాగితం మీద ఏవేవో రాసుకెళ్ళాను. అవేవీ చదవలేదు. "మా అత్తయ్య బతికుంటే మీకు ముందుగా ఈ మాట చెప్పేది. ఆ గడ్డికి మందు కొట్టారండి. పిల్లల్ని తీసుకొచ్చేయండి" అన్నాను.

ముందు ఎవరూ కదల్లేదు. తరవాత ఒకావిడ లేచింది. ఆ వెనక మిగతా తల్లులు. కుర్చీలు జరుపుకుంటూ బయటికి నడిచారు. కొందరు నాకేసి కొరకొరా చూశారు. చూడనీ అనుకున్నాను. చావింట్లో ఈ రభస ఏంటని పెద్దవాళ్ళు మందలించారు కూడా.

బావ నా వైపు చూడలేదు. పచ్చికలోకి పరుగున వెళ్ళి తన మనవరాల్ని ఎత్తుకొచ్చాడు. ఇంకా సరిగా నడక రాని పిల్ల. పంపు దగ్గర కాళ్ళు కడిగి, మెట్టు మీద కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు. కండువాతో అరికాళ్ళు తుడవడం మొదలుపెట్టాడు. పిల్లకి చక్కిలిగింతలై కిలకిలా నవ్వుతోంది. అతను మాత్రం తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు.