కారం చేతుల కన్నీటి ప్రార్థన

చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పమంటే ఎవరైనా దేవుడు తమను గెలిపించిన సంగతులే చెబుతారు. నేను మాత్రం ఒకే ఒక్క మధ్యాహ్నం, గిన్నెడు నువ్వుల నూనెతో, నిండు గర్భిణి అయిన నా భార్యను, ఆమెతోపాటు స్త్రీల సమాజం మొత్తాన్నీ ఏడిపించిన సంగతి చెప్పబోతున్నాను. ఆ రోజు ఆ ఇంట్లో ఏడవనిది గేదె ఒక్కటే. అదైనా దూరంగా కట్టేసి ఉండబట్టి.

నేను గుంటూరులో బడిపంతుల్ని, ఆదివారాల్లో సండే స్కూలు పంతుల్ని. అంటే వారానికి ఏడు రోజులూ ఎదుటివాళ్లకు చెప్పడమే తప్ప ఎవరూ నాకు చెప్పే వీల్లేదు. మా ఆవిడ కరుణ తొలి కాన్పుకి నల్లపాడు అవతల ఉన్న పుట్టింటికి వెళ్లింది. నెలనెలా బ్రాడీపేటలో డాక్టరమ్మకు చూపించేవాళ్లం. అక్కడే ఒక ఫిజియోథెరపీ మేడం, కాబోయే తల్లులకూ వాళ్ల భర్తలకూ తరగతులు చెప్పేది. ఊపిరి ఎలా తీయాలి, ఎలా కూర్చోవాలి, నొప్పులు వచ్చినప్పుడు పక్కనున్న మనిషి నడుము కింద ఎక్కడ నొక్కి పట్టుకుంటే కాస్త తెరిపిగా ఉంటుంది, అన్నీ చేతులు పట్టుకుని నేర్పించింది.

"మీ చేతుల్లో మంచి పట్టుంది సార్," అంది ఒకరోజు.

అనకూడని మనిషితో అనకూడని మాట. ఆ వారమంతా ఇంట్లో దిండును పడుకోబెట్టి ఎంత సాధన చేశానంటే, దానికి వెన్నెముకే ఉంటే జన్మలో నడుం నొప్పి ఎరగకుండా బతికేది.

కాన్పు గదిలోకి ఒక మనిషిని రానిస్తామని డాక్టరమ్మ చెప్పింది. "మీరే రావాలండీ. మీ చెయ్యి పడితే నాకు ధైర్యంగా ఉంటుంది," అంది కరుణ. ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్లలో బెదురు చూశాను. తొలి కాన్పు భయం అది. అందుకని ఎలాగైనా లోపలికి వెళ్లాలని గట్టిగా అనుకున్నాను. అడ్డం మా అత్తగారు రాహేలమ్మ.

"కాన్పు గదిలో మగాడికేం పనండీ? నేను ముగ్గుర్ని కన్నా. మూడుసార్లూ మీ మామగారు చేలో నీళ్లు కట్టుకుంటున్నారు. పిల్లలు పుట్టలా?"

"నేను నేర్చుకున్నానత్తయ్యా. చేతులతో చేసే వైద్యం అది."

"అయితే రేపు శనివారం ఇక్కడే చేసి చూపించండి. మా పిల్లకి రోజూ ఉండే ఈ నడుం నొప్పి తగ్గిందనుకోండి, మీరే లోపలికెళ్లండి. తగ్గలేదనుకోండి, నేనెళ్తా. మీరు బయట బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేసుకోండి."

ఆ శనివారం బడికి సెలవు. స్కూటర్ మీద పొద్దున్నే దిగాను. అది మిరప కోతల కాలం. ఇంటి పక్క కల్లంలో కాయలు ఎర్రటి తివాచీలా ఆరబోసి ఉన్నాయి. భోజనాలయ్యాయో లేదో, పిలవని చుట్టంలా ఒక మబ్బు వచ్చింది. చినుకు పడితే కాయ నల్లబడిపోతుంది. ఇంటిల్లిపాదీ పరుగు. నేనూ చొక్కా మడిచి దిగాను. చేటా పారా చేతికి అందక, రెండు చేతులతో కాయలు దోసిళ్లకెత్తి కుప్ప పోశాను. ఎండిన కాయలు అరచేతుల్లో పటపట విరిగాయి, గింజలు వేళ్ల సందుల్లో దూరాయి. మబ్బు ఒక్క చినుకైనా రాల్చకుండా, తన పని అయిపోయినట్టు వెళ్లిపోయింది.

సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాను. వాసన చూసుకుంటే మల్లెపూల సబ్బు వాసన. అరచేతుల్లో మంట కూడా లేదు. రోజంతా సుద్దముక్కలు పట్టి మొద్దుబారిన తోలు మరి, దానికేం తెలుస్తుంది? ఇక్కడ మీరు, "పంతులుగారూ, వద్దు!" అని అరుస్తున్నారని నాకు తెలుసు. అది వినే బుద్ధి ఆ రోజు నాకు లేదు.

నూనె గోరువెచ్చగా కాచాను. కరుణ గోడవైపు తిరిగి ఎడమ పక్కకు పడుకుంది. మా అత్తగారు న్యాయాధిపతిలా కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను నూనె చేతులకు రాసుకుని, ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాను.

"ఎలా ఉంది కరుణా?"

"హాయిగా ఉందండీ. వెచ్చగా లోపలికి దిగుతోంది."

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ మూతి బిగించింది.

"ఇప్పుడు?"

"ఇంకా వెచ్చగా ఉంది. నూనె బాగా కాచారా?"

"నూనె కాదు, నా చేతి పట్టు! ఇలా నొక్కితే రక్తప్రసరణ పెరుగుతుందని మేడం చెప్పింది."

"ఏమండీ, కాస్త ఎక్కువే పెరుగుతోందండీ…"

"పెరగనివ్వు!" అని ఇంకో గరిటెడు నూనె పోసి, నడుం మొత్తానికి పట్టించాను.

"అమ్మో! మంట! అమ్మా, మంటే!" అని కరుణ కేక పెట్టింది.

కాలిపోకుండా మండే పొద గురించి సండే స్కూల్లో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! కాలిపోకుండా మండే వీపును కళ్లారా చూడటం మాత్రం అదే మొదలు.

"నొప్పులొచ్చేశాయి దేవుడో!" అని మా అత్తగారు కుర్చీ తన్నుకుంటూ లేచింది. "ఇంకా మూడు వారాలుందిగా! ఏం నొక్కారండీ, ఎక్కడ నొక్కారు?"

"మేడం చెప్పిన చోటే…"

"బిడ్డకేమైనా అవుతుందా అమ్మా?" అని కరుణ ఏడుపు. అప్పటిదాకా పందెం గెలవాలనుకున్నవాణ్ణి, అప్పుడు మాత్రం ప్రభువా, తల్లీబిడ్డా చాలు, నాకు బెంచీయే ఇయ్యి అని వేడుకున్నాను.

పక్కింట్లోనే స్త్రీల సమాజం కూడిక జరుగుతోంది. కేక విని అందరూ వచ్చేశారు. నన్ను బయటకు గెంటి, కరుణ చుట్టూ చేరి, నొప్పి ఉన్న చోట, అంటే ఆ నూనె వీపు మీదే చేతులుంచి ప్రార్థన అందుకున్నారు. మన ఆడవాళ్ల ప్రార్థనంటే తెలుసుగా, కళ్లు చెమర్చకుండా ఉండదు. పాస్టరమ్మగారు ముందుగా కళ్లు తుడుచుకున్నారు, అదే చేత్తో.

"తండ్రీ… తండ్రీ… అయ్యో తండ్రీ!"

రెండో ఆవిడ తుడుచుకుంది. మూడో ఆవిడ. తుడిచినకొద్దీ కారుతున్నాయి, కారినకొద్దీ తుడుస్తున్నారు. ఇల్లంతా శోకం. అప్పుడే సైకిల్ దిగిన పాస్టరయ్యగారు వాకిట్లోనే ఆగిపోయి, రెండు చేతులూ పైకెత్తారు.

"ఉజ్జీవం! చల్లారిన విశ్వాసం మళ్లీ రగిలింది, మన ఊరికి ఉజ్జీవం వచ్చింది! ఎన్నేళ్లు కనిపెట్టుకుని ఉన్నానయ్యా ఈ కన్నీటి ప్రార్థన కోసం!" అంటూ, ఊరంతా చెప్పి రావడానికి మళ్లీ సైకిలెక్కేశారు.

ఆ ఉజ్జీవం మధ్యలోకి మస్తాన్‌బీ వచ్చింది. ఊళ్లో ఏ బాలింతకైనా ఒళ్లంతా నూనె మర్దనా చేసి, వేణ్నీళ్లు పోసి, నడుముకు గుడ్డ బిగించేది ఆవిడే. కాన్పు తర్వాత పని మాట్లాడుకుందామని వచ్చింది. అందర్నీ జరిపి, కరుణ పొట్ట మీద చెయ్యి వేసి కాసేపు చూసింది. తర్వాత వీపు మీద వేలు రాసి, నాలిక చివర పెట్టుకుంది.

"నొప్పులూ లేవు, గిప్పులూ లేవు. ఇది కారం. మర్దనా చేసిందెవరు?"

అందరి ఎర్రటి కళ్లూ గుమ్మం వైపు తిరిగాయి.

"పంతులుగారూ, కల్లంలో చెయ్యి పెట్టి వచ్చి పిల్ల వీపు మీద పెట్టారా? తాలింపు వేద్దామనా?"

"సబ్బుతో కడుక్కున్నా…"

"కారం సబ్బుకి పోతుందా? పెరుగు తెండమ్మా!"

పెరుగు కరుణ వీపుకు, చల్లటి పాల గుడ్డలు స్త్రీల సమాజం కళ్లకు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే మంట పైతోలుకే, బిడ్డకేం కాదు అంది. అయినా ఆ సాయంత్రమే తీసుకెళ్లి చూపించాం. లోపల బిడ్డ హాయిగా తన్నుతోంది. నాన్న మీద కోపంతోనేమో, నాకైతే చెప్పలేదు.

మూడు వారాలకు నిజం నొప్పులు వచ్చాయి. పందెం ఓడినవాణ్ణి కాబట్టి తిన్నగా వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. లోపలి నుంచి కరుణ కేక: "అమ్మా, నువ్వు కాదే! ఆయన్ని పంపు!"

మా అత్తగారు బయటికొచ్చి, సంచిలోంచి మజ్జిగ సీసా తీసింది. "చేతులు చాపండి," అని, మోచేతుల దాకా మజ్జిగ పోసి కడిగి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "ఊఁ. వెళ్లండి," అంది.

నొప్పి వచ్చినప్పుడల్లా మేడం చెప్పిన చోట నొక్కి పట్టుకున్నాను. "తగ్గిందా కరుణా?" అని అడిగాను.

నా చెయ్యి వదలకుండా, ఊపిరి కూడదీసుకుని అంది: "ఆ శనివారంతో పోలిస్తే… ఇది నయమేనండీ."

తెల్లారేసరికి ఆడపిల్ల. దేవునికి స్తోత్రం. ఇంటికొచ్చాక మస్తాన్‌బీ నెల రోజులు వచ్చి కరుణను మళ్లీ మనిషిని చేసింది. ఆవిడ పని చేసినంతసేపూ నాకు గదిలోకి ప్రవేశం లేదు.

ఒక్క సంగతి మిగిలింది. పాస్టరయ్యగారికి అసలు విషయం చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఇప్పటికీ నేను అత్తారి ఊరెళ్లి ఉపవాస కూడికలో కూర్చుంటే ఆయన, "ఆ శనివారం దిగిన ఉజ్జీవం మళ్లీ దిగాలని అడగండి!" అంటారు. వెంటనే స్త్రీల సమాజం మొత్తం నా వైపు తిరిగి, నా చేతుల కేసి చూస్తుంది.

కాబట్టి, దేవుని ఎదుటా, సంఘం ఎదుటా, మజ్జిగ సీసా ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: ఉజ్జీవం దేవుడు పంపితే రావాలి గాని, ఇక నా చేతుల మీదుగా రాదు.